సినిమా హాలును మోసింది ఎదురు కొట్టువాడే

హాలుకు అద్దె కట్టే పద్ధతా, వసూళ్లలో వాటా పంచుకునే పర్సంటేజీ పద్ధతా అన్న తగువు హాళ్లు నడిపే ఎగ్జిబిటర్లకూ డిస్ట్రిబ్యూటర్లకూ మధ్య నలుగుతూనే ఉంది. టికెట్ రేట్ల జీవోలు, బెనిఫిట్ షోల గొడవ ఎలాగూ ఉన్నవే. సింగిల్ స్క్రీన్ ఫంక్షన్ హాలుగా ఎందుకు మారుతోందన్న చర్చ ఎక్కడ మొదలైనా నిర్మాత, డిస్ట్రిబ్యూటర్, హాలు యజమాని చుట్టూనే తిరుగుతుంది. హాలు ఎదురుగా కొట్టు పెట్టుకున్నవాడి ఊసు ఎవరూ ఎత్తరు. చిన్న ఊళ్లో సినిమాను నిలబెట్టింది వాడేనని నా వాదన. దానికి గట్టి సాక్ష్యం మూకీల కాలపు అమెరికా చిన్న ఊళ్లలో దొరుకుతుంది. అక్కడ చాలాచోట్ల సినిమా హాలు అంటే నిన్నటిదాకా కొట్టుగా ఉన్న గదే.

1905 జూన్‌లో పిట్స్‌బర్గ్ స్మిత్‌ఫీల్డ్ స్ట్రీట్‌లో హ్యారీ డేవిస్, జాన్ హ్యారిస్ ఒక కొట్టు గదిలో ఐదు సెంట్ల టికెట్ పెట్టి బొమ్మ ఆడించారు. ఐదు సెంట్ల నాణెం పేరు నికెల్, కాబట్టి హాలు నికెలోడియన్ అయింది. రెండు మూడేళ్లు తిరిగేసరికి దేశంలో ఇలాంటివి వేలల్లో వెలిశాయి. నగరాల్లోని నికెలోడియన్ల గురించి చాలామంది రాశారు. మెయిన్ స్ట్రీట్ ఒక్కటే వీధిగా ఉన్న ఊళ్లోకి అది అంత తేలిగ్గా ఎలా పాకిందో చూడాలంటే గది కొలతలు చూడాలి. 20-25 అడుగుల వెడల్పు, 70-80 అడుగుల పొడవు ఉన్న మామూలు దుకాణం చాలు. ముందున్న అద్దాల షోకేసు పీకేసి, తలుపును ఐదారు అడుగులు లోపలికి జరిపి, మిగిలిన చోట నడిమధ్యలో టికెట్ గూడు కడతారు. నెత్తిన బల్బుల వరుస. లోపల చివరి గోడకు తెల్లగుడ్డ బిగిస్తారు, అదీ లేకపోతే గోడకే తెల్లరంగు. కుర్చీలు సొంతానివి కొన్ని, అద్దెవి కొన్ని. న్యూకాజిల్ అనే పెన్సిల్వేనియా పట్నంలో వార్నర్ సోదరులు 1907లో మొదటి హాలు తెరిచినప్పుడు, శవపేటికలు అమ్మే పక్క దుకాణం నుంచి కుర్చీలు అరువు తెచ్చేవారని, అక్కడ అంత్యక్రియలు ఉన్న రోజు జనం నిలబడి చూసేవారని చెబుతారు. ప్రొజెక్టర్ గదిని వీధి తలుపు మీదే, రేకు కొట్టి అమర్చేవారు. చోటు కలిసొచ్చేది కానీ పెద్ద పొరపాటు. మంట పుట్టే చోటు కిందనుంచే జనం బయటికి పరుగెత్తాలి.

సినిమాలు ఆడకపోతే ఆ గది మళ్లీ కొట్టయిపోవచ్చు. షోకేసు తిరిగి బిగిస్తే సరి. కాబట్టి ఇల్లు తాకట్టు పెట్టి నాటకశాల కట్టే ధైర్యం లేనివాడు కూడా సినిమా వ్యాపారంలోకి దిగాడు. దిగినవాళ్లెవరో చూడండి. కార్ల్ లెమ్లే విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌లో బట్టల కొట్టు మేనేజర్. చవక సరుకుల దుకాణం పెడదామని షికాగో వెళ్లి, 1906లో నికెలోడియన్ పెట్టి, ఆరేళ్లకు యూనివర్సల్ స్థాపించాడు. తర్వాత పారామౌంట్‌ను నడిపిన అడాల్ఫ్ జూకర్ బొచ్చుకోట్ల వ్యాపారి. తర్వాత ఎం.జి.ఎం.ను నడిపిన లూయీ మేయర్ పాత ఇనుము కొని అమ్ముకునేవాడు, మసాచుసెట్స్‌లోని హేవర్‌హిల్‌లో ఒక పాత హాలు పట్టుకుని మొదలెట్టాడు. గిరాకీని చూడగానే అంచనా కట్టే అలవాటు కౌంటర్ వెనక నిలబడి నేర్చుకున్నదే.

ఇక అసలు విషయం, స్లైడు. నన్నడిగితే మూకీ కాలపు వ్యాపారమంతా అర చేతిలో పట్టే ఆ గాజు పలకలో ఉంది.

ఒక రీలు 1000 అడుగులు. అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 16 ఫ్రేములు తిప్పితే పదహారున్నర నిమిషాలు దాటగానే అయిపోతుంది. చిన్న హాల్లో ప్రొజెక్టర్ ఒక్కటే. రీలు అయిపోగానే ఆపరేటర్ కింది డబ్బాలోంచి దాన్ని తీసి, కొత్త రీలు పై డబ్బాలో వేసి, ఫిల్మును పళ్ల చక్రాల మీదుగా, గేటులోంచి కిందికి ఎక్కించాలి. గేటుకు పైనా కిందా కాస్త వదులుగా మడత వదలాలి. మడత చిన్నదైతే ఫిల్ము చిరుగుతుంది, పెద్దదైతే రేకుకు రాసుకుని గీతలు పడతాయి. చేయి తిరిగినవాడికే నిమిషం, రెండు నిమిషాలు పట్టే పని. ఆ చీకట్లో ఈలలు మొదలవుతాయి. అందుకని అప్పటి చాలా యంత్రాల్లో దీపం పెట్టెను పట్టాల మీద పక్కకు తోసే ఏర్పాటుండేది. తోస్తే అదే ఆర్క్ దీపం (కార్బన్ కడ్డీల మధ్య కరెంటుతో వెలిగేది) వెలుగు పక్కనున్న స్లైడు లెన్సులోంచి తెర మీద పడుతుంది. ‘ఆడవారు దయచేసి టోపీలు తీయండి’, ‘ఒక్క నిమిషం, రీలు మారుస్తున్నాం’ లాంటివి ముందు. వాటి వెంట ఊళ్లో చెప్పుల కొట్టు, మందుల షాపు, బొగ్గు డిపో.

స్లైడు కొలత మూడుంపావు అంగుళాలు ఇంటూ నాలుగు. రెండు గాజు పలకల మధ్య అక్షరాలు కొట్టిన పల్చటి జెలటిన్ కాగితం పెట్టి, అంచుల చుట్టూ కాగితం టేపు అంటిస్తే తయారు. సరిగ్గా పట్టుకుని చూసినప్పుడు కింద ఎడమ మూలన ఒక చుక్క పెడతారు. యంత్రంలోకి తలకిందులుగా దూర్చాలి గనక బొటనవేలు ఆ చుక్క మీద ఉంటే చీకట్లో కూడా తప్పు పోదు. చుక్క లేని స్లైడైతే చెప్పుల కొట్టు పేరు తిరగబడి హాలంతా నవ్వులే. చలికాలం చల్లటి గాజును ఒక్కసారిగా ఆర్క్ ముందు పెడితే పగులుతుంది. ఎక్కువసేపు ఉంచితే జెలటిన్ ముడుచుకుపోతుంది. పెద్ద కంపెనీలు రంగు స్లైడ్లు తయారుచేసి, అడుగున ఖాళీ పట్టీ వదిలి, తమ సరుకు అమ్మే కొట్టువాడికి పంపేవి. వాడు ఆ పట్టీలో తన పేరు రాయించుకుని హాలుకు ఇచ్చేవాడు.

ఆ కొట్టువాడు హాలుకు ఏమిస్తున్నాడో ఇప్పుడు లెక్క చూడండి. బొమ్మ బాగున్నా బాగోకపోయినా స్లైడు డబ్బు వస్తుంది. చిన్న ఊరి హాలుకు రాబడిలో ముందే తెలిసిన భాగం ఇదొక్కటే. మిగతాదంతా జూదం. ఫిల్ము బాక్సు, ఫిల్ములు అద్దెకిచ్చే ఎక్స్ఛేంజి నుంచి రైలు పార్శిల్లో రావాలి. రైలు ఆలస్యమైతే ఆటే లేదు. వచ్చిన ప్రింటు కొత్తదా అంటే, నగరాలన్నీ తిరిగి అరిగి చిన్న ఊరికి చేరినదే, అద్దె తక్కువ కాబట్టి. నిలువు గీతలతో తెరంతా వాన. పళ్ల రంధ్రాలు చిరిగి బొమ్మ ఎగురుతుంది. అతుకు వేయాలంటే ఒక చివర పూత గీకేసి, సిమెంటు రాసి, రెండో చివర దానిమీద పరిచి నొక్కాలి. గీకడం సరిగా లేకపోతే అతుకు గేటు దగ్గరే ఊడుతుంది. అప్పటిది తేలిగ్గా మండే నైట్రేట్ ఫిల్ము, ఊడి ఆగితే ఆర్క్ వేడికి సెకన్లలో భగ్గుమంటుంది. ప్రతి అతుక్కీ కొన్ని ఫ్రేములు పోతాయి. అలా పోయి పోయి కథలో ముద్దూ పెళ్లీ రెండూ లేకుండా ఊరికి చేరిన సినిమాలుంటాయి. ‘ఎగ్జిబిటర్స్ హెరాల్డ్’ పత్రికలో చిన్న ఊళ్ల హాలు యజమానులు తమకు ఏ బొమ్మ ఏం చేసిపెట్టిందో రాసుకునే శీర్షిక ఉండేది. దాని నిండా బొమ్మ గుణగణాలతో సమానంగా ప్రింటు దుస్థితి, రోడ్ల మీద బురద, పంటల కబుర్లు కనిపిస్తాయి.

ఇంత నమ్మకం లేని సరుకును పట్టుకుని హాలు ఎలా బతికిందంటే, శనివారం రాత్రి మీద బతికింది. అయోవాలోనో కాన్సస్‌లోనో రైతు వారానికోసారి ఊళ్లోకి వస్తాడు. బండిలో గుడ్లు, వెన్న, మీగడ డబ్బా. గుడ్లు కిరాణా కొట్టులో ఇచ్చి పంచదార, కాఫీ, కిరసనాయిలు తీసుకుంటాడు. మిగిలిన చిల్లరే వారానికి చేతికొచ్చే నగదు. ఆ ఒక్క రాత్రి కొట్లు పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి. ఏడింటికి ఒక ఆట, తొమ్మిదింటికి ఇంకో ఆట. మొదటి ఆటకు పిల్లలతో తల్లి వెళ్తుంది, తండ్రి పనిముట్ల కొట్టు దగ్గర బేరాలాడతాడు, లేకపోతే మంగలి కుర్చీలో కూర్చుంటాడు. మొదటి ఆట వదిలే వేళకు రెండో ఆట జనం బయట నిలబడి ఉంటారు. ఆ పది పదిహేను నిమిషాలు వీధి మొత్తం నిండుతుంది. ఐస్‌క్రీము, సోడా, పిల్లలకు మేజోళ్లు, గుర్తొచ్చిన మేకులు, అన్నీ అప్పుడే అమ్ముడుపోతాయి. కొట్లవాళ్లు టికెట్లు టోకున కొని, ఇంత సరుకు కొంటే ఒక టికెట్ ఉచితం అని ఎందుకిచ్చేవారో దీంతో తెలుస్తుంది. టికెట్ మీద కొట్టువాడు పోగొట్టుకున్నది ఐదో పదో సెంట్లు. దానికి బదులు ఆ కుటుంబం మరో రెండు గంటలు వీధిలో ఉంటుంది.

తిండి సంగతి ఇంకా ముఖ్యం. మూకీ హాల్లో పాప్‌కార్న్ అమ్మేవారు కాదు. నేల పాడవుతుందని, కరకర చప్పుడని లోపలికి రానిచ్చేవారు కాదు. షికాగోలో చార్లెస్ క్రెటర్స్ చేసిన ఆవిరి యంత్రాల బళ్లు 1890ల నుంచే వీధుల్లో తిరుగుతున్నాయి. బండివాడు హాలు గుమ్మం పక్కన నిలబడి అమ్ముకునేవాడు. హాలువాడికి టికెట్ డబ్బు, బండివాడికి పేలాల డబ్బు, మిఠాయి కొట్టుకు మిఠాయి డబ్బు. ఒకరి గిరాకీ ఇంకొకరికి చేరుతుంది.

కొట్టువాళ్లకు భయం కూడా తోడైంది. ఊరి బయటి ఇళ్లకు ఉచితంగా ఉత్తరాలు చేర్చే పద్ధతి 1896లో మొదలైంది. 1913 జనవరి 1 నుంచి పార్శిల్ పోస్టు వచ్చింది, మొదట్లో 11 పౌండ్ల దాకా. షికాగోలోని సియర్స్ రోబక్, మాంట్‌గొమరీ వార్డ్ కేటలాగులు చూసి రైతు ఇంట్లో కూర్చునే బూట్లు, కుట్టుమిషను తెప్పించుకోగలడు. కొన్ని ఊళ్లలో వర్తకులు కేటలాగులు పోగుచేయించి తగలబెట్టించారు. తెచ్చిచ్చిన పిల్లలకు సినిమా ఉచితం. మరికొన్ని ఊళ్లలో చందాలు వేసుకుని, కొట్టు పక్కగోడ మీద తెల్లగుడ్డ కట్టి, వేసవి రాత్రుళ్లు ఉచితంగా బొమ్మ ఆడించారు. హాలు యజమానులు దీని మీద లబోదిబోమన్నారు, అదీ న్యాయమే. కానీ సినిమా తమకు ఎంత అవసరమో వర్తకులకు తెలుసనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

దీన్ని ఒప్పుకోనివాళ్లున్నారు. జనం వచ్చింది చాప్లిన్ కోసం, మేరీ పిక్‌ఫర్డ్ కోసం, మేకుల కోసం కాదంటారు. పేరున్న తారలే లేకపోతే శనివారం సందడి పదేళ్లు నిలిచేది కాదన్న మాటలో నిజముంది. చర్చి పెద్దలతోపాటు కొందరు వర్తకులు కూడా సినిమా ఊరి చిల్లరను నగరానికి తోడేస్తోందని గొణిగారు. కాదనను. అయితే చాప్లిన్ బొమ్మ నగరంలోనూ ఆడింది, ఇంకా కొత్త ప్రింటుతో ఆడింది. ఫోర్డ్ మోడల్ టీ కారు చవకబడ్డాక రైతు 20 మైళ్ల దూరంలోని పెద్ద పట్నానికి పోవడం మొదలెట్టాడు. అక్కడ సరుకూ సినిమా రెండూ కొన్నాడు. ఊరి హాలూ ఊరి కొట్టూ కలిసే చిక్కిపోయాయి. తారలే హాలును నిలబెట్టి ఉంటే కొట్టు పోయినా హాలు మిగలాలి కదా.

1927 తర్వాత టాకీ వచ్చింది. సౌండు యంత్రాలకు వేల డాలర్లు పెట్టలేక బోలెడు చిన్న హాళ్లు మూతపడ్డాయి. మిగిలినవి 1930ల మాంద్యంలో గుమ్మం బయటి బండివాడి గల్లా వైపు చూశాయి. మొదట వాడికి లాబీలో చోటు అద్దెకిచ్చాయి, తర్వాత వాణ్ణి పంపించి సొంత యంత్రం పెట్టుకున్నాయి. టాకీ శబ్దంలో నమిలే చప్పుడు వినపడదు గనక కరకర బాధ కూడా తీరింది. లాభం లాభమే, హాళ్లు మాంద్యాన్ని దాటాయి. కానీ అప్పటినుంచి హాలు వీధికి పోటీ కొట్టయింది.

మన దగ్గరకు వద్దాం. తిరుచ్చి రైల్వేలో డ్రాఫ్ట్స్‌మన్ సామికన్ను విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టర్ కొని గుడారంతో ఊళ్లు తిరిగాడు. విజయవాడలో 1921 నాటికి మారుతి హాలు వచ్చింది. టూరింగ్ టాకీసులు తిరునాళ్లు, సంతలు చూసుకునే గుడారం దించేవి, జనం పోగయ్యే చోటు అదే గనక. పక్కా హాళ్లు వచ్చాక కూడా స్లైడులో బట్టల కొట్టు, ఇంటర్వెల్‌లో గేటు బయట మిరపకాయ బజ్జీలు, సైకిల్ స్టాండు, కిళ్లీ బడ్డీ ఉండేవి. వాళ్లలో ఎవడూ హాలుకు శత్రువు కాదు. హాలు బాగుంటే వాళ్లు బాగుండేవారు.

మాల్‌లో మల్టీప్లెక్స్ సినిమానూ షాపింగునూ మళ్లీ ఒకచోట చేర్చిందని మురిసేవాళ్లున్నారు. చేర్చింది, ఒకే యజమాని కప్పు కింద. బయటి తిండి ఆపే హక్కు హాలుకు ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది, తాగునీరు మాత్రం ఉచితంగా ఇవ్వాలంది. చట్టం సంగతి అది. వ్యాపారం సంగతి వేరు. సింగిల్ స్క్రీన్లు కూడా మల్టీప్లెక్స్‌ను చూసి వాత పెట్టుకుని, ఇంటర్వెల్‌లో గేట్లు మూసి, క్యాంటీన్ కాంట్రాక్టు మీద పడ్డాయి. మండల కేంద్రంలో 400 సీట్ల హాలు అలా చేస్తే ఎదురు వీధిలో పది కొట్లకు అది అక్కరకు రానిదవుతుంది. రేపు ఆ హాలు ఫంక్షన్ హాలు అయితే వాళ్లకు లాభమే, పెళ్లికి వచ్చినవాళ్లు కనీసం పూలూ పళ్లూ కొంటారు.

చేయగలిగినవి చిన్నవే. ఇంటర్వెల్‌లో చిరిగిన టికెట్ ముక్క చూపించి బయటికి వెళ్లి రానివ్వడం. ప్రహరీగోడ కూల్చి వీధి వైపు నాలుగు గదులు చవకగా అద్దెకివ్వడం. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక ప్రకటనలు చాలావరకు ఆ ప్రొజెక్షన్ కంపెనీల చేతికి పోయాయి. అందులో ఐదు నిమిషాలు ఊరి కొట్లకు విడిచిపెట్టమని పట్టుబట్టడం. ఫిల్మ్ ఛాంబర్ ఈసారి చర్చలకు కూర్చునేముందు ఏదైనా ఒక చిన్న పట్నం వర్తక సంఘాన్ని పిలిచి, వాళ్ల ఊరి సంత ఏ రోజో, కొట్లు ఎన్నింటికి కట్టేస్తారో, ఫస్ట్ షో ఎన్నింటికి వదులుతుందో ఒక కాగితం మీద రాయించుకోవాలి.