మహారాజశ్రీ పంటి వేర్లవారి సముఖమునకు

తిరుపతి,
పుష్య మాసం ఆఖరి రోజు.

కుడివైపు కింది దవడలో, ఎముక లోపల, నరం పక్కనే వేంచేసి ఉన్న జ్ఞానదంతం వేర్లు ఇద్దరికీ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమసమాచారం మొన్న ఎక్స్‌రేలో చూశాను.

మీ తల పోయి ఆరు నెలలు దాటింది. ఇలాంటప్పుడు నాలుగు పరామర్శ మాటలు రాయడం మర్యాద. కానీ తల తీయించింది నేనే, అందుకు డబ్బు కట్టిందీ నేనే కాబట్టి ఆ మర్యాద నా నుంచి ఆశించకండి.

నా వృత్తి మీకు తెలియనిది కాదు. నాదస్వరం. ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో నేర్చుకున్నాను. పెళ్లిళ్లకు, గుడి ఉత్సవాలకు వాయిస్తాను. అంటే కింది పెదవి మీద బతుకుతున్నవాడిని. రెండడుగులు దాటిన కర్ర గొట్టం మీద వేళ్లు ఎంత ఆడినా, స్వరం నిలిచేది గొట్టం కొసన ఊదే పీకను పట్టుకున్న పెదవి దగ్గరే. గమకం సగం అక్కడే పుడుతుంది. ఈ సంగతి తెలిసే మీరు మొత్తం దవడలో ఇంకెక్కడా చోటు లేనట్టు ఆ పెదవికి వెళ్లే నరాన్నే ఆనుకొని కూర్చున్నారు. ఊళ్లో ఇంత స్థలం ఉండగా కరెంటు స్తంభాన్ని ఆనించి ఇల్లు కట్టే మనుషులను చూశాను. పళ్లలోనూ ఉంటారని అనుకోలేదు.

పోనీ, ముందు వరస పళ్లలా నిటారుగా వచ్చారా అంటే అదీ లేదు. పక్క పన్ను మీదికి ఒరిగి, సగం చిగురు కింద, సగం బయట. ఆ చిగురు జేబులో అన్నం మెతుకులు, పోపు ఆవాలు, పెళ్లివారి పులిహోరలోని శనగపప్పు, దొరికినవన్నీ దాచుకున్నారు. రెండేళ్లలో మూడు వాపులు. మూడోది సరిగ్గా వైశాఖంలో, ఒకే రోజు రెండు ముహూర్తాలున్న నాడు. ఆ రోజు నేను వాయించిన కల్యాణి విని మా డోలు అన్న, "తమ్ముడూ, అప్పగింతలకు ఇంకా టైముంది" అన్నారు.

అప్పుడు తీయించాను పెద్ద ఎక్స్‌రే. ఆ యంత్రం తల చుట్టూ ప్రదక్షిణ చేస్తుంది. ఒక్క ప్రదక్షిణకే ఫలం దక్కింది. దవడ ఎముకలో నరం వెళ్లే దారి రెండు తెల్లని గీతల్లా కనబడింది, మీ దగ్గరికి వచ్చేసరికి పై గీత మాయం. అక్కడే మీ వేర్ల కొసలు నల్లగా ఉన్నాయి. డాక్టరమ్మ దాని మీద పెన్ను ఆనించి, స్కాన్ కూడా తీయించి, అప్పుడు చెప్పారు. ఆ నరం దెబ్బతింటే పెదవి కదలడం ఆగదట, పెదవికీ గడ్డానికీ స్పర్శ పోతుందట. చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో తిరిగి వస్తుంది, కొందరికి రాదు. మత్తు ఇచ్చినప్పటి మొద్దుబారడమే ఎప్పటికీ ఉండిపోతుందన్నమాట.

"మీరేం చేస్తుంటారు?" అని అడిగారు.

చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టారు.

ఆ తరువాతే మీ తల మాత్రం తీసే ప్రస్తావన వచ్చింది. పంటి పైభాగాన్ని కోసేసి, వేర్లను నరం జోలికి పోకుండా ఎముకలోనే వదిలేయడం. 1984లోనే ఫ్రెంచి వైద్యులు ఇద్దరు దీని గురించి రాశారట. 2009లో హాంకాంగ్‌లో రెండు రకాలుగానూ చేసి పోల్చి చూస్తే, మొత్తం పీకినవారిలో సుమారు 5 శాతం మందికి ఆ నరం దెబ్బతింది, తల మాత్రం తీసినవారిలో 1 శాతం లోపే. (మన లడ్డూకు భౌగోళిక గుర్తింపు వచ్చిందీ 2009లోనే. ఆ ఏడాది నోటికి మంచి ఏడాదిలా ఉంది.) అందరికీ పనికొచ్చే వైద్యం కాదు. వేర్లకు చీము పట్టినా, పుప్పి లోపలి దాకా దిగినా, వేర్లు ముందే కదులుతున్నా కుదరదు. మీరు ఆరోగ్యంగా, పాతుకొని, నిశ్చింతగా ఉన్నారని తేలింది. ఆ ఇంట్లో నిశ్చింతగా ఉన్నది మీరొక్కరే.

ఆషాఢంలో పెట్టుకున్నాను. ముహూర్తాలు లేని నెలలోనే మేళగాళ్లకు జబ్బులు రావాలి.

నోట్లో జరిగినదంతా మీకు తెలిసిందే కానీ ఒక్క క్షణం గురించి మాత్రం చెప్పుకోవాలి. తల కోసేశాక, మిగిలిన అంచును ఎముక అంచుకన్నా మూడు నాలుగు మిల్లీమీటర్లు కిందికి అరగదీస్తున్నారు. పైన ఎముక పెరిగి మూసుకోవడానికి ఆ లోతు కావాలట. అరగదీయడం అయ్యాక ఆమె ఆగి, మిమ్మల్ని ఏదో సన్నటి పనిముట్టుతో తాకి చూశారు. వేర్లు కదిలాయంటే మొత్తం తీయాల్సిందేనని సంతకం పెట్టించుకున్నప్పుడే చెప్పారు. నేను ఊపిరి బిగబట్టాను. మీరు కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక మీరు నాకు చేసిన మొదటి మేలు అది.

మధ్యాహ్నమంతా కింది పెదవి నాది కాదు. నీళ్లు తాగితే గడ్డం మీదుగా కారుతున్న సంగతి చొక్కా తడిశాక తెలిసింది. నాలుగింటికి పెట్టె తెరిచి, కళ్లు మూసుకొని, పీక కొసను పెదవికి తాకించి చూశాను. ఊదలేదు, ఊదకూడదన్నారు. ఊరికే తాకించాను. ఎడమవైపు తెలిసింది. కుడివైపు ఏమీ లేదు. అరగంటకు మళ్లీ చూశాను, లేదు. అవ్వ వంటింటి గడపలో నిలబడి చూస్తోంది కానీ ఏమీ అడగలేదు. అయిదు దాటాక కుడి మూలన చీమ నడిచినట్టయింది. మరికాసేపటికి పీక కొసలో ఉన్న గరుకు గరుకుగానే తెలిసింది. అప్పుడు అవ్వ అడిగింది, "పన్ను ఏదిరా? మిద్దె మీదికి వేయాలి కదా" అని. కాగితం పొట్లం విప్పి చూపించాను. రెండు ముక్కలు. వేర్లు ఏవని అడిగింది. లోపలే ఉన్నాయన్నాను. అవ్వ పొట్లం మడిచి నాకే ఇచ్చేసింది.

చిత్తూరు నుంచి మామయ్య వచ్చారు. "డబ్బు పూర్తిగా తీసుకుని పని సగం చేశారా? కలుపు మొక్కనైనా వేర్లతో సహా పీకుతాం కదరా!" అని నా బుగ్గ పట్టుకొని బాధపడ్డారు. 2022లో జిల్లాను విడగొట్టి తిరుపతిని వేరు చేసినప్పుడు కూడా ఆయన ఇంత బాధపడలేదు. వేర్లలో ప్రాణం అలాగే ఉంటుందని, రూట్ కెనాల్ కూడా అక్కర్లేదని, రక్తప్రసారం ఆగదని వివరించబోయాను. నోరు ఒక వేలు మందం కన్నా తెరుచుకోలేదు. ఆయనకు వినబడింది "ఊ, ఊ" మాత్రమే. ఒప్పుకున్నాననుకొని ఊరుకున్నారు.

మూడో రోజుకు, ఊదకుండానే బుగ్గ నిండింది. రెండు మూడు రోజుల దాకా వాపు పెరుగుతుందని ముందే చెప్పారు కాబట్టి అద్దం చూసుకొని భయపడలేదు, అసూయపడ్డాను. వాయించేటప్పుడు అంత గాలి పట్టగలిగితే ఎక్కడో ఉండేవాడిని. భయమల్లా నాలుగో రోజుది. గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే ఎముక బయటపడి చెవి దాకా నొప్పి లాగుతుందట. అది ఊడకూడదని గట్టిగా ఉమ్మకూడదు, స్ట్రా పెట్టి పీల్చకూడదు, పొగ తాగకూడదు. నాకు పొగ అలవాటు లేదు, సంఘీభావంగా డోలు అన్న మా వాకిట్లో నాలుగు రోజులు మానేశారు. స్ట్రా లేకుండా కొబ్బరిబోండాం తాగి చూశాను. ఆ అభిషేకం వర్ణించను.

తిండి మాత్రం అవ్వ రాజ్యం. సంగటి నమలకూడదు, మింగాలి అని చిన్నప్పటి నుంచి తిట్టేది. ఇన్నాళ్లకు వైద్యశాస్త్రం ఆమె పక్షానికి వచ్చింది. అయితే వేడిది వద్దన్నారు, చల్లారిన సంగటి రాయి. చివరికి గంగమ్మ జాతరలో పోసినట్టు పూటకో చెంబు రాగి అంబలి పోసింది. ఏడో రోజు కుట్లు విప్పారు. పది రోజులకు రెండు వేళ్లు, మూడో వారానికి మూడు వేళ్లు పట్టేలా నోరు తెరుచుకుంది. నెల రోజులకు నాదస్వరం పట్టాను. మొదటి రోజు పది నిమిషాలు, మంద్రంలోనే. శ్రావణంలో మొదటి పెళ్లికి తారస్థాయి జోలికి పోకుండా గడుపుకొచ్చాను. పెళ్లివారు గమనించలేదు. వారు గమనించరు, ఫొటోలు తీసే అబ్బాయి చెప్పినట్టు తల తిప్పుతుంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మొన్నటి ఎక్స్‌రేలో మీరు ఉన్నచోట లేరు. దాదాపు మూడు మిల్లీమీటర్లు పైకి వచ్చారు. ఇది మామూలేనట. మొదటి ఆరు నెలలు, ఏడాదిలో కాస్త వేగంగా కదిలి, రెండేళ్లు దాటేసరికి చాలావరకు నిలిచిపోతారట. సర్వదర్శనం క్యూలో కంపార్ట్‌మెంటు తలుపు తీయగానే ఒక్క పరుగు, తరువాత కూలబడి గంటల తరబడి నిరీక్షణ. మీరు తిరుపతి వేర్లేనని అప్పుడు నమ్మకం కుదిరింది.

పైకి జరిగినకొద్దీ నరానికి దూరమవుతున్నారు కాబట్టి నాకు లాభమే. ఏనాడైనా చిగురు చీల్చుకొని బయటికొస్తే రెండోసారి చిన్న ఆపరేషన్ చేసి తీసేయవచ్చు, అప్పటికి నరం భయం తక్కువ. అలా కావాల్సి వచ్చేది కొద్దిమందికేనని అన్నారు. ఆ కొద్దిమందిలో చేరాలని మీకు ఉత్సాహంగా ఉంటే నాదొక విన్నపం. మామయ్యకు మాత్రం చెప్పకండి. "నేను ముందే చెప్పానా లేదా" అనే మాట మా ఇంట్లో ఎక్స్‌రే కన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

రేపటి నుంచి మాఘం. నా డైరీలో పదకొండు పెళ్లిళ్లున్నాయి. మొదటిది ఎల్లుండి తెల్లవారుజామున నాలుగున్నరకు, గోవిందరాజస్వామి గుడికి దగ్గరలోని కల్యాణమండపంలో. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం" అన్నాక పెదవికి ఏమైనా ఆపడానికి వీల్లేదు. పైకి రావాలనుకుంటే మళ్లీ ఆషాఢంలో రండి, ఖాళీగా ఉంటాను.

ఇట్లు,
కింది పెదవి హక్కుదారు.

తాజా కలం: కాగితం పొట్లంలోని మీ తల రెండు ముక్కలూ నాదస్వరం పెట్టెలో, దారపు ఉండ పక్కన ఉన్నాయి. పారేయబోతే అవ్వ పడనివ్వలేదు. మిగతాది వచ్చాక అన్నీ కలిపి మిద్దె మీదికి విసురుదామంది.