హాజరు వేసే డబ్బా

గుంటూరులో మా వీధి పార్కుకి ఈ మధ్య సబ్బుపెట్టెంత తెల్లడబ్బాలు బిగించారు. గేటుకొకటి, వేపచెట్టుకొకటి. ఏ వేళకు ఎంతమంది వస్తున్నారో లెక్క తేలుస్తాయట. మహా చవక, బజార్లో వందా రెండొందలకే దొరికే సెన్సర్లు. సంతోషం.

పీఐఆర్ సెన్సర్ అంటారు దాన్ని. ఒంటి వేడి తన ముందు కదిలితే మనిషొచ్చాడని పసిగడుతుంది. ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా ఉంటే చాలు, అంతకుమించి కోరికల్లేవు పాపం. రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, గుంటూరు గోడకీ గుంటూరు మనిషికీ తేడా ఎక్కడిదండీ? 37 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి దానికి గోడా మనిషీ దాదాపు ఒకటే. అద్వైతం ఒంటబట్టిన యంత్రం!

చల్లబడ్డాక మాత్రం ఏం ఒరిగింది? వేపచెట్టు కింద పెద్దల సభ కూర్చుంటుంది. రాజధాని ఎప్పటికి పూర్తవుతుందో తేలేదాకా ఒక్కరూ కదలరు. కదలనివాళ్లు డబ్బా లెక్కలో లేనట్టే. గేటు దగ్గర గజ్జికుక్క మాత్రం లోపలికీ బయటికీ తిరుగుతూ పదిమంది పెట్టు హాజరు వేయించుకుంటోంది. పక్కపక్కనే నడిచొచ్చిన మొగుడూ పెళ్లాం కలిపి ఒక్కరే. సంగతి తెలిసిన దగ్గర్నుంచి రిటైర్డ్ హెడ్మాస్టారు మధ్యమధ్యలో చెయ్యెత్తి ఊపుతున్నారు. జీవితమంతా పిల్లలకి హాజరు వేసినాయన, ఇప్పుడు డబ్బాకి ‘ప్రెజెంట్ సార్’ చెప్పుకుంటున్నారు.

1970ల్లో విలియం వైట్ అనే ఆయన న్యూయార్కులో కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ కూర్చుంటున్నారో ఓపిగ్గా చూశాడు. కూర్చునే చోటున్న దగ్గర కూర్చుంటారని తేల్చాడు. మన పార్కులో బెంచీలకు కాళ్లున్నాయి, పలకల్లేవు.

‘ఏడు దాటాక జనం లేరు’ అని రేపు గ్రాఫు వస్తుంది. ఎందుకుంటారు? లైట్లు వెలగవు. ఆడవాళ్ల మరుగుదొడ్డికి ఎప్పుడు చూసినా తాళమే. తాళంచెవి ఆఫీసులో ఉందని వాచ్‌మన్, వాచ్‌మన్ దగ్గరుందని ఆఫీసు. పార్కు ఊడ్చే ఆవిడ అవసరమొస్తే ఎక్కడికెళ్తుందో ఏ డబ్బా అయినా రాసిందా? ఆవిణ్ణి అడిగితే నిమిషంలో చెబుతుంది. పైసా ఖర్చు లేదు, బ్యాటరీ అక్కర్లేదు. అడిగిన పుణ్యాత్ముడు లేడు! రేపు ఆ గ్రాఫే చూపించి, ఎవరూ రాని స్థలమంటూ ఫంక్షన్ హాలుకి రాసిచ్చేస్తే దిక్కెవరు?

ముందు ఆ తాళం తీయండి. లైట్లు వేయండి. మిగిలిన డబ్బాలుంటే ఆఫీసు కుర్చీలకి బిగించండి, అక్కడ రోజుకెంత హాజరు పడుతుందో మేమూ చూస్తాం.