తలుపు అవతల యాభై ఏళ్ల కొడుకు

తల్లి అన్నం ట్రేలో సర్ది గది ముందు పెట్టి వెళ్తుంది. కాసేపటికి ఖాళీ గిన్నెలు బయటికొస్తాయి. మాటల్లేవు. ఆమెకు ఎనభై, లోపలున్న కొడుక్కి యాభై. జపాన్‌లో ఇలాంటి ఇళ్లు ఎన్నున్నాయంటే, దీనికి '8050 సమస్య' అని పేరే పెట్టేశారు.

ఇలా నెలలు, ఏళ్ల తరబడి జనానికి దూరంగా ఇంట్లోనే ఉండిపోవడాన్ని, అలా ఉండేవాళ్లను జపాన్‌లో 'హికికొమొరి' అంటారు. ఆ మాట అనగానే మనకు తోచేది రాత్రంతా గేములాడే కుర్రాడు. 1998లో మానసిక వైద్యుడు సైతో తమాకి పుస్తకంతో ఆ మాట జనంలోకి వెళ్లినప్పుడు చర్చంతా కుర్రకారు గురించే. వాళ్లకూ వయసు మీదపడింది. సర్కారు సర్వేలు మాత్రం చాలాకాలం 39 ఏళ్ల దగ్గరే ఆగిపోయాయి. 2019లో 40-64 మధ్యవాళ్లను లెక్కేస్తే 6.13 లక్షల మంది తేలారు. 2023 నాటి అంచనాలో 15-64 వయసువాళ్లంతా కలిపి 14.6 లక్షలు. అప్పుడప్పుడు పక్కనున్న షాపు దాకా వెళ్లొచ్చేవాళ్లూ ఇందులో ఉన్నారు.

డిప్రెషన్ లాంటి జబ్బులున్న వాళ్లకు వైద్యం కావాలి, కాదనను. కానీ అందరినీ రోగుల ఖాతాలో వేస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. అక్కడి పెద్ద కంపెనీలు చదువు పూర్తికాకముందే పిల్లల్ని గంపగుత్తగా ఎంపిక చేసుకుని, ఏప్రిల్‌లో చేర్చుకుంటాయి. ఆ బస్సు తప్పితే మళ్లీ ఎక్కడం కష్టం. 90లలో షేర్లు, భూముల ధరల బుడగ పేలి ఉద్యోగాలు కరువయ్యాక డిగ్రీ చేతపట్టుకున్న ఓ తరానికి ఆ బస్సే రాలేదు.

దానికి తోడు 'సెకెంతెయ్'. నలుగురేమనుకుంటారోనన్న బెంగ, తెలుగువాళ్లకు ఇంతకన్నా వివరించక్కర్లేదు. కొడుకు సిగ్గుతో గదిలో దాక్కుంటే, కొడుకున్నాడన్న సంగతిని తల్లిదండ్రులు దాస్తారు. గడియ రెండువైపులా పడుతుంది.

అకితా ప్రాంతంలో ఫుజిసాతో అనే చిన్న ఊరుంది. అక్కడి సంక్షేమ మండలి ఇల్లిల్లూ తిరిగి ఆరా తీస్తే ఇలాంటివాళ్లు 113 మంది ఉన్నారు, ఊరి జనాభా నాలుగు వేలు దాటదు! మొదట ఆటపాటల కార్యక్రమాలు పెట్టారు. స్పందన లేదు. తర్వాత వృద్ధులకు సేవచేసే హోమ్ హెల్పర్ శిక్షణ ఉందని కరపత్రాలు వేస్తే, జనం వచ్చారు. వాళ్లకు కావాల్సింది కాలక్షేపం కాదు, పని. 2010లో అక్కడే ఓ కేంద్రం తెరిచారు. అందులో సోబా నూడుల్స్ హోటల్ కూడా ఉంది. గదుల్లోంచి వచ్చినవాళ్లు అక్కడ వడ్డిస్తుంటే, ఊళ్లోవాళ్లు డబ్బులిచ్చి తిని వెళ్తారు.