సగం లైగో అంటూ ఒకటి ఉండదు

అమెరికా ప్రభుత్వం 2026 ఆర్థిక సంవత్సరానికి 2025లో పంపిన బడ్జెట్ ప్రతిపాదనలో, సైన్స్ పరిశోధనలకు డబ్బిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ మీద పడిన గొడ్డలి వేటు గురించి పాఠకులకు ఈపాటికి తెలిసిందే. దాదాపు 900 కోట్ల డాలర్ల సంస్థను 390 కోట్లకు దించేయాలన్నారు. అంత పెద్ద కోతలో ఒక చిన్న పద్దు ఎవరి కంటా పడకుండా జారిపోయే ప్రమాదం ఉంది. గురుత్వ తరంగాలను, అంటే బరువైన తారలు, కృష్ణ బిలాలు ఢీకొన్నప్పుడు స్థలకాలంలో లేచే అలలను, పట్టే లైగో నడపడానికి 2024లో ఇచ్చింది 4.8 కోట్ల డాలర్లు. దాన్ని 2.9 కోట్లకు తగ్గిస్తారట. వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫోర్డ్‌లో ఒకటి, లూసియానాలోని లివింగ్‌స్టన్‌లో ఒకటి ఉన్న రెండు డిటెక్టర్లలో ఇకమీదట ఒక్కదాన్నే నడుపుతారట.

అప్పులు పెరిగిపోయిన దేశం ప్రతి పద్దునూ తిరగేసి చూసుకోవడంలో తప్పేమీ లేదు, సైన్స్ అన్నంత మాత్రాన ఖర్చు గురించి అడగకూడదనీ లేదు. సరే. కానీ ఇక్కడ జరుగుతున్నది పొదుపు కాదు. కత్తెరలో ఒక పక్క ఊడదీసి, మిగిలిన దానితో సగం గుడ్డ కత్తిరించుకోమనడం.

ఎందుకో చెప్పుకోవాలంటే ఆ యంత్రం పని కొంచెం చూడాలి. ఒక్కో డిటెక్టర్‌కు 4 కిలోమీటర్ల పొడవున్న రెండు చేతులు, వాటిలో శూన్యం, చివర అద్దాలు, మధ్యలో అటూ ఇటూ తిరిగే లేజర్ కాంతి. గురుత్వ తరంగం దాటిపోయినప్పుడు ఆ చేతుల పొడవులో వచ్చే తేడా ప్రోటాన్ వ్యాసం కన్నా వందల రెట్లు చిన్నది. అంత సున్నితమైన దాన్ని ఏదైనా కదిలిస్తుంది. దూరాన పోయే లారీ, తీరాన్ని కొట్టే సముద్రపు అల, గాలి, యంత్రంలోనే పుట్టే చప్పుళ్లు, అన్నీ. వాటిలో అసలు సంకేతం ఏదో తేల్చేది సుమారు 3,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండో డిటెక్టరే. కాంతికి ఆ దూరం దాటడానికి పట్టే 10 మిల్లీసెకన్ల లోపల రెండు చోట్లా ఒకే ఆకారపు కదలిక కనిపిస్తే అది లారీ కాదు. 2015 సెప్టెంబర్ 14న మొదటి సంకేతం లివింగ్‌స్టన్‌కు చేరిన 7 మిల్లీసెకన్లకు హాన్‌ఫోర్డ్‌కు చేరింది కాబట్టే, 130 కోట్ల కాంతి సంవత్సరాల అవతల రెండు కృష్ణ బిలాలు ఢీకొన్నాయని ప్రపంచం నమ్మింది. గురుత్వ తరంగాలు దొరికాయని 1969లో ప్రకటించిన అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ వెబర్ మాట తర్వాత నిలబడలేదు గానీ, ఆయనకు కూడా ఒక్క పరికరం చాలదని తెలుసు. మేరీలాండ్‌లో ఒకటి, షికాగో దగ్గర ఇంకొకటి పెట్టుకున్నాడు. అంత పాత సంగతి ఇప్పుడు బడ్జెట్ రాసేవాళ్లకు ఎవరైనా గుర్తు చేయాల్సి రావడమే విచిత్రం.

ఒక్కదానితో అసలేమీ దొరకదని మేము అనడం లేదు. 2023 మేలో లివింగ్‌స్టన్ ఒక్కటే పనిచేస్తున్నప్పుడు ఒక మంచి సంకేతం దొరికింది. ఎక్కడి నుంచి వచ్చింది? ఆకాశంలో సగానికి పైగా వెతుక్కోవాలి! వెతకడం కుదరని దానికి టెలిస్కోప్ ఎటు తిప్పుతారు?

అసలు నష్టం అక్కడే ఉంది. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు కలిసిపోయిన సంకేతం వచ్చినప్పుడు, లివింగ్‌స్టన్‌లో సరిగ్గా ఆ క్షణాల్లోనే యంత్రం సొంత చప్పుడు ఒకటి అడ్డొచ్చి, సాఫ్ట్‌వేర్ ముందు హాన్‌ఫోర్డ్ ఒక్కదాన్నే చూపింది. శాస్త్రవేత్తలు లివింగ్‌స్టన్ డేటా తెరిచి చూస్తే సంకేతం అక్కడా స్పష్టంగా ఉంది. రెండిటికీ ఇటలీలోని విర్గో డిటెక్టర్ సమాచారం కలిపితే వెతకాల్సిన చోటు సుమారు 30 చదరపు డిగ్రీలకు కుదించుకుపోయింది. దాదాపు 11 గంటల్లో చిలీలోని ఒక టెలిస్కోప్ ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీలో ఆ వెలుగును పట్టేసింది. బంగారం లాంటి బరువైన మూలకాలు ఇలాంటి చోట్ల పుడతాయని చూపింది ఆ వెలుగే. 2019 ఏప్రిల్ 25న మళ్లీ అలాంటి జంటే కలిసింది. ఆ సమయానికి హాన్‌ఫోర్డ్ ఆగి ఉంది. లివింగ్‌స్టన్ పట్టింది, విర్గో నడుస్తున్నా దాని సున్నితత్వం తక్కువ కాబట్టి పెద్దగా సాయపడలేదు. వెతకాల్సిన చోటు 8,000 చదరపు డిగ్రీలు దాటింది, అంటే ఆకాశంలో అయిదో వంతు. ఏ టెలిస్కోప్‌కూ ఏ వెలుగూ దొరకలేదు. యూరప్‌లో విర్గో ఉందిగా, జపాన్‌లో కాగ్రా ఉందిగా అని సర్దిచెప్పేవాళ్లు ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే చాలు.

విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందన్న తగాదా సంగతీ ఇంతే. దాదాపు 33 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు ఇన్ని కిలోమీటర్లు అని కొలిచే ఆ వేగం, తొలినాటి విశ్వపు కాంతిని బట్టి లెక్క కడితే 67 దగ్గర, దగ్గరి గెలాక్సీలను బట్టి కడితే 73 దగ్గర వస్తోంది, రెండు వర్గాలూ తగ్గడం లేదు. ఈ రెండిటితోనూ సంబంధం లేకుండా దూరాన్ని నేరుగా ఇచ్చేది గురుత్వ తరంగం. 2017 నాటి ఒక్క సంఘటనతో 70 అని వచ్చింది, కానీ ఆ లెక్కలో అటూ ఇటూ తేడా ఎక్కువ. ఇలాంటివి పదుల కొద్దీ కావాలి. చోటు తెలియకపోతే గెలాక్సీ తెలియదు, గెలాక్సీ తెలియకపోతే ఆ లెక్కే లేదు. ఒక డిటెక్టర్ ఆపితే సగం పోతుందనుకోవడం కూడికలు మాత్రమే వచ్చినవాళ్ల ఆలోచన.

ఇక లైగోకు డబ్బిచ్చే ఫౌండేషన్ రెండు నాల్కల సంగతి. 2002 నుంచి 2010 దాకా లైగో మొదటి దశలో ఒక్క సంకేతం కూడా దొరకలేదు. ఒక్కటంటే ఒక్కటి. అయినా రెండు చోట్లా నడిపారు. నలభై ఏళ్లలో సుమారు 110 కోట్ల డాలర్లు పెట్టారు. 2016 ఫిబ్రవరిలో తొలి సంకేతం ప్రకటించిన రోజున, ఎవరూ చేయని సాహసం మేం చేశామని వేదిక మీద గర్వంగా చెప్పుకున్నారు. అదే నెలలో ప్రతినిధుల సభ సైన్స్ కమిటీ ప్రత్యేకంగా సమావేశం పెట్టి మరీ వినింది. మరుసటి ఏడాది నోబెల్ వచ్చింది. ఏమీ వినబడని రోజుల్లో రెండు కావలసి వచ్చాయి. 2025 మార్చి నాటికి మొత్తం 290 దాకా సంకేతాలు పోగయ్యాక, మూడు రోజులకు ఒకటి అన్నంత జోరుగా వస్తుంటే, ఇప్పుడు ఒకటి చాలట!

మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెడుతున్నది ఇది పెట్టబోయే ఆనవాయితీ. టెక్సస్‌లో కణాలను ఢీకొట్టి చూసే సూపర్ కొలైడర్‌ను 1993లో రద్దు చేసినప్పుడు 200 కోట్ల డాలర్లు, 23 కిలోమీటర్ల సొరంగం మట్టిపాలయ్యాయి, కానీ అది ఇంకా కట్టడం పూర్తికాని యంత్రం. ప్యూర్టో రికోలోని అరెసిబో రేడియో టెలిస్కోప్ 2020 డిసెంబర్‌లో కేబుళ్లు తెగి కూలిపోయింది, తిరిగి కట్టలేదు. కనీసం అక్కడ విరిగిందనే సాకైనా ఉంది. లైగోలో ఏదీ విరగలేదు, ఏదీ పాతబడలేదు, అది ఇంత సున్నితంగా ఇంతకుముందు ఎన్నడూ పనిచేయలేదు. బ్రహ్మాండంగా పనిచేస్తున్న పరికరాన్ని ఒక పద్దు కింద కొట్టేయొచ్చని ఒకసారి రుజువైతే, రేపు దక్షిణ ధ్రువంలో న్యూట్రినోలనే సూక్ష్మ కణాలను పట్టే ఐస్‌క్యూబ్‌ను కూడా ఇలాగే చూస్తారు. అందులో సగం సెన్సర్లు ఆపి, నడుస్తోందిగా అంటారు. ఇంకో ఇరవై ఏళ్లు ఓపిక పట్టి ఏదో ఒకటి కట్టాలనుకునే కుర్రాళ్లు ఆ ఓపిక ఎందుకు పట్టాలి? ఆగిపోయిన డిటెక్టర్‌ను స్విచ్ నొక్కి మళ్లీ నడపలేరు కూడా. దాన్ని చెవి పెట్టి గుర్తుపట్టగలిగే మనుషులు ఉద్యోగాలు పోయి వెళ్లిపోయాక తిరిగి రారు.

ఈ ఆనవాయితీ అమెరికాతో ఆగదు. 2016 మార్చిలో ఇదే ఫౌండేషన్ భారత అణుశక్తి విభాగంతో ఒప్పందం చేసుకుంది. ఆ మాట నమ్మే 2023 ఏప్రిల్‌లో మన కేంద్రం మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో-ఇండియాకు 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ పెట్టుబడి అంతా అక్కడి రెండిటికీ ఇక్కడిది మూడోదిగా కలుస్తుందన్న లెక్క మీద నడుస్తోంది. ఒప్పందం మీద సంతకం పెట్టిన పక్షం తన ఇంట్లో ఒకటి ఆర్పేసుకుంటే, మనం కట్టేది కొత్త బలం కాదు, వాళ్లు చేసిన కన్నానికి అతుకు. ఢిల్లీ ఈ మాట గట్టిగా అడగాలి, ఇంతవరకూ అడగకపోతే ఇప్పుడైనా అడగాలి.

ప్రతిపాదన దానంతట అదే చట్టం కాదు, నిధులిచ్చేది అమెరికన్ కాంగ్రెస్. అక్కడి సభ్యులు ఈ పద్దును యథాతథంగా 2024 స్థాయికి తిరిగి రాయాలి, బేరాలాడి మధ్యలో ఎక్కడో ఆగడం కాదు, ఎందుకంటే ఒకటిన్నర డిటెక్టర్లు కూడా ఉండవు. ఇక ఒక్క డిటెక్టరే నడుపుతామన్న వాక్యం రాసిన అధికారులు ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. హాన్‌ఫోర్డ్, లివింగ్‌స్టన్‌లలో ఏది అనవసరమని మీకు చెప్పిన భౌతిక శాస్త్రవేత్త ఎవరు? ఒక్క పేరు చెప్పండి. చెప్పలేకపోతే ఆ కాగితం వెనక్కి తీసుకోండి, 2016 నాటి ఫొటోలు కూడా మీ గోడల మీంచి దించేయండి.