గంతలు కట్టుకుని రంగెట్ల చూస్తరు?

హన్మకొండ దోస్తుల గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. "అసలైన వైన్ నిపుణుడు కళ్లకు గంతలు కట్టినా ఒక్క గుక్కతో ద్రాక్ష రకం చెప్తాడు. సిరాలా నల్లగా ఉంటే జార్జియా దేశపు సపెరావి. మిరియాల వాసనొస్తే ఇటలీ స్కియోపెట్టీనో. రెడ్ వైన్ మాత్రం చల్లబరచొద్దు, గది వేడిలోనే తాగాలి" అని.

గంతలు కట్టినోడికి రంగెట్ల కనబడుతుందో రాసినాయనే చెప్పాలి.

సరే, రంగు సంగతే చూద్దాం. మామూలు ఎర్ర వైన్ ద్రాక్షను పిండితే రసం దాదాపు రంగు లేకుండానే వస్తుంది, ఎరుపంతా తొక్కలోదే. సపెరావి గుజ్జు కూడా ఎర్రగా ఉంటుంది, అంతవరకు నిజం. కానీ 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో సంకరం చేసిన అలికాంటే బూషే అనే ద్రాక్ష గుజ్జూ ఎరుపే. రంగు ఎంత మోసం చేస్తుందో ఎనుమాముల మార్కెట్‌కు చపాట మిర్చి తెచ్చే రైతునడిగితే చెప్తాడు: చూపుకు నిండు ఎరుపు, నాలుకకు కారం తక్కువ. 2001లో అచ్చయిన, ఫ్రాన్సులోని బోర్డోలో చేసిన ప్రయోగంలో తెల్ల వైన్‌కు వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వైన్ చదువు చదివే 54 మంది దాన్ని ఎర్ర వైన్ మాటలతోనే వర్ణించారు.

మిరియాల వాసన రోటండోన్ అనే పదార్థానిది. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దాన్ని షిరాజ్ అనే ఎర్ర ద్రాక్షలో పట్టుకున్నారు. స్కియోపెట్టీనోలోనూ, వెస్పోలినా అనే ద్రాక్షలోనూ ఉంది. పైగా వాళ్ల పరీక్షలో ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు అందనే లేదు!

ఒక్క గుక్కతో తేలేదైతే చిలీలో కార్మెనేర్ అనే ద్రాక్ష వైన్‌ను అన్నేళ్లు మెర్లో అనే వేరే రకం పేరుతో ఎందుకు అమ్మారు? 1994లో ఫ్రెంచి నిపుణుడు జాన్ మిషెల్ బూర్సికో తోటలో తీగలు చూసి చెప్తే గానీ బయటపడలేదు. నిపుణులు చేసేది ఏరివేత: పులుపు, వగరు, ఘాటు చూసి ఇది కాదు, అది కాదు అనుకుంటూ పోతారు. ఎన్నడూ తాగని రకం పేరు వాళ్లకూ తట్టదు.

ఇక గది వేడి. ఆ మాట పుట్టిన యూరప్ గదులు చల్లనివి, 16–18 డిగ్రీలవి. మే నెలలో వరంగల్ 40 దాటుతుంది. ఆ వేడికి ఆల్కహాల్ ఘాటే ముక్కుకు కొడుతుంది, ఏ ద్రాక్షా తెలియదు. సీసాను ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.