ఇల్లరికపు అల్లుడు శ్రీ బాల్డ్ సైప్రస్ గారికి

మహారాజశ్రీ బాల్డ్ సైప్రస్ వృక్షం వారి దివ్యసముఖానికి,

హ్యూస్టన్ శివారులో తమరిని మేపుతున్న ఒక తెలుగువాడు రాసుకొను విజ్ఞప్తి. ఫిబ్రవరి వస్తోంది, కుండీ మార్చే రోజులు. రంపం పట్టుకునే ముందు నాలుగు మాటలు అనేసుకుంటే ఇద్దరికీ మంచిది.

బోన్సాయ్ అంటే బల్ల మీద పెట్టుకునే బుల్లి చెట్టు అనుకుని ఈ సరదాలోకి దిగాను. తమరు నా నడుము దాటారు. మొదలు పట్టాలంటే రెండు చేతులా వాటేసుకోవాలి. అదేమంటే పెద్ద సైజు బోన్సాయ్ అట! తమరిని పొట్టిగా ఉంచాలంటే ముందు ఇష్టమొచ్చినట్టు పెరగనివ్వాలట. కాండాన్ని ఏటవాలుగా నరికి, పక్కన వచ్చిన చిగురుని ఇంటికప్పు దాకా వదిలేసి, అది లావెక్కాక దాన్నీ నరికి, మళ్ళీ ఇంకో చిగురుని పట్టుకోవాలి. ఇలా ఏళ్ళ తరబడి నరుకుతూ పోతే కింద బలిసి, పైకి సన్నబడి, ఎవరూ చెయ్యి వెయ్యనట్టు సహజంగా కనబడతారట. ఎన్ని కోతలు పడితే అంత సహజం!

నరికినా పోతారా అంటే, అదీ లేదు. లూసియానా చిత్తడి నేలల్లో తమ బంధువుల్ని చలికాలంలో తవ్వి తెచ్చే పద్ధతి చూశాను. తల తీసేస్తారు. అడుగున వేళ్ళన్నీ చదునుగా కోసేస్తారు. మిగిలేది ఒక దుంగ. మా ఇంట్లో తులసి కుండీని ఈ కిటికీ దగ్గర్నుంచి ఆ కిటికీ దగ్గరికి జరిపితేనే బెంగపెట్టుకుని ఆకులు రాలుస్తుంది. ఆ దుంగ మాత్రం వసంతం రాగానే ఒళ్ళంతా చిగుళ్ళు తొడుక్కుని, ఇంకేమైనా కొయ్యాలా అన్నట్టు నిలబడుతుంది. 1963లో లూసియానా వాళ్ళు తమరిని రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది ఈ మొండితనం చూసేనేమో.

కిందటిసారి కుండీ మార్చిన వైభోగం తమరు మర్చిపోయి ఉంటారు, నేను మర్చిపోలేదు. అడుగున వేళ్ళు చుట్టలు చుట్టుకుని, తోసి తోసి, తమరిని కుండీ అంచుకి పైకి లేపేశాయి. పోసిన నీళ్ళు లోపలికి దిగకుండా పక్కలనుంచి కారిపోయేవి. అంచు వెంబడి కత్తి దింపి, కుదిపి కుదిపి ఊడదీస్తే బయటికొచ్చింది మట్టి కాదు, కుండీ ఆకారంలో ఎర్రటి వేళ్ళ దిమ్మ. మట్టిలో కలపడానికి డబ్బు పోసి కొన్న ప్యూమిస్ (తేలిక రాళ్ళు), లావా రాళ్ళు అందులో ఎక్కడ కలిసిపోయాయో! చెక్కలు కోసే కరెంటు రంపంతో అడుగు భాగం సగానికి సగం కోశాను. మిగిలినదాన్ని కొక్కెంతో చిక్కుదీసి, కొత్త మట్టి పోసి, చాప్‌స్టిక్‌తో పొడిచి పొడిచి సందులన్నీ నింపి, కదలకుండా లోహపు తీగలతో కుండీకి కట్టాను.

ఎత్తిపెట్టడానికి సాయం వచ్చింది పక్కవీధి తెలుగాయన. పాపం, కాఫీకని పిలిస్తే వచ్చాడు. తర్వాత నడుముకి బెల్టు పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. సగం వేళ్ళు పోగొట్టుకున్న తమరికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

ఎండాకాలం వస్తే ఇక గొంతెమ్మ కోర్కెలే. మిగతా చెట్లకి నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి. తమరికి కుండీ కింద పెద్ద పళ్ళెం పెట్టి, అది ఎప్పుడూ నిండుగా ఉంచాలి. తమరికి జలకాలు, మాకు దోమలు. అందులో దోమల మందు బిళ్ళ కూడా నేనే వేస్తాను. ఇంతా చేస్తే, తమ విత్తనం మాత్రం నీట మునిగితే మొలవదట. పుట్టేటప్పుడు లేని దర్జా పెరిగాక ఎక్కడిదో! కొమ్మకి తీగ చుట్టి వంపు పెడదామంటే, చూస్తూ చూస్తుండగానే లావెక్కి తీగని బెరడులోకి మింగేస్తారు.

చలికాలంలోనూ పచ్చగా ఉండే సైప్రస్ కుటుంబీకుడినన్న మర్యాద కూడా లేకుండా ఆకులన్నీ ఇటుకరంగుకి తిప్పి రాల్చేసి బోడిగా నిలబడతారు. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ చూసి, "ఎండిపోయిన మొద్దుకి రోజూ నీళ్ళేంట్రా?" అంది. కాలనీ అసోసియేషన్ వాళ్ళు చచ్చిపోయిన చెట్టు తీసెయ్యమని నోటీసు పంపారు. నిద్రపోతున్నారని ఇద్దరికీ చెప్పాను. అమ్మ నమ్మలేదు. అసోసియేషన్ ఫోటో పంపమంది.

తొందరేముంది అంటారా? అనగలరు. నార్త్ కరోలినా బ్లాక్ రివర్‌లో తమ వంశంవారొకరి వయసు కనీసం 2,624 ఏళ్ళని 2019లో పరిశోధకులు ప్రకటించారు. శాతవాహనులు ఇంకా గద్దె ఎక్కనప్పటి మనిషన్నమాట. అంత తీరిక ఉన్నవారు నా ఉద్యోగం, నా వీసా లెక్కలు పట్టించుకుంటారా? వయసు మీద పడ్డాక చిత్తడి నేలల్లో తమరు నిటారుగా ఎదగడం మానేసి, పైన గొడుగులా చదునుగా పరుచుకుంటారు. న్యూ ఆర్లియన్స్‌కు చెందిన వాన్ బ్యాంటింగ్ దాన్నే బోన్సాయ్‌లో ఒక శైలిగా నిలబెట్టాడు. నేనూ అదే తెప్పించాలని చూస్తుంటే, తమరేమో ఏటా పైకొమ్మకే బలమంతా దోచిపెట్టి కింద కొమ్మల్ని ఎండబెడుతున్నారు.

ఇక నీళ్ళలో వేళ్ళ నుంచి పైకి లేచే, మోకాళ్ళని పిలిచే ఆ బొడిపెలు. అవెందుకో శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు. మోసేవాడి మోకాళ్ళ సంగతి మాత్రం డాక్టరు తేల్చేశాడు.

కనుక విన్నపం ఏమనగా, వచ్చే శనివారం మొగ్గలు ఉబ్బకముందే కార్యక్రమం పెట్టుకున్నాను. ఈసారి కుండీ ఇంకో సైజు పెద్దది. దానికి పెట్టిన ఖర్చు మా ఆవిడకి చెప్పలేదు, తమరూ చెప్పకండి. ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. పక్కవీధి ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

ఇట్లు,
తమరి నీళ్ళమనిషి