ఫ్రీగా స్టార్లు చూసేవాళ్ళ మీద చర్యలేవీ?

డిసెంబర్ వచ్చిందంటే మన వైజాగ్‌లో ఓ పెద్ద ఆర్థిక నేరం బహిరంగంగా జరిగిపోతోంది, ఎవడూ పట్టించుకోడు. సాయంత్రం ఏడు దాటాక జ్ఞానాపురం సందుల్లోకి, సీబీఎం కాంపౌండ్ వైపుకి, వన్ టౌన్‌లో రాస్ హిల్ కిందకి వెళ్ళి చూడండి. ఫ్యామిలీలకి ఫ్యామిలీలు నడుచుకుంటూ వచ్చి ఎవరివో ఇళ్ళ ముందు వేలాడే క్రిస్మస్ స్టార్లూ సీరియల్ లైట్లూ పశువుల పాక బొమ్మలూ కళ్ళారా చూసేసి, పిల్లల్ని భుజాలెక్కించుకుని మరీ చూపించి, పైసా తియ్యకుండా ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటున్నారు. టికెట్ లేదు, జీఎస్టీ లేదు, పార్కింగ్ చీటీ కూడా లేదు. ఇలాగైతే దేశం ఐదు ట్రిలియన్ డాలర్ల ఎకానమీ ఎప్పటికవుతుందండీ?

వీళ్ళు చూసే వస్తువేమైనా ఖరీదైనదా అంటే అదీ కాదు. నాలుగు వెదురు బద్దలు, రంగు కాయితం, ఉడకేసిన మైదా జిగురు, లోపల ఒక బల్బు, పైకెత్తడానికి ఒక గెడ. అంతే స్టార్. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ పెట్టి రోజుకి నాలుగు గంటలు వెలిగించినా డిసెంబర్ మొత్తానికి ఒక యూనిట్ మీద కొంచెం చిల్లర కాలుద్ది. ఒక్క యూనిట్‌తో వీధి వీధంతా నెల రోజులు సంతోషపడిపోతే, కరెంటోళ్ళు ఏం తినాలి, మనం కట్టే సర్‌చార్జీలకి అర్థమేముంది?

అసలు ఈ లైట్ల వ్యవహారం మొదలెట్టినాయన ఇలాంటోడు కాదు. 1882 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఎడిసన్ గారి వ్యాపార భాగస్వామి ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకి 80 కరెంటు బల్బులు కట్టి, ఎరుపూ తెలుపూ నీలం, చెట్టుని మోటారుతో గిరగిరా తిప్పి మరీ చూపించాడు. అమ్మేదే కరెంటు కదా. చూసినోడు ఇంటికెళ్ళి నాకూ కావాలనాలి, అదీ పద్ధతి. మనోళ్ళు చూసి "బాగుంది కదా" అనేసి వచ్చేస్తున్నారు. బాగుంటే కొనాలి గానీ ఊరికే బాగుందనుకోవడం ఏంటి, బాధ్యతారాహిత్యం కాకపోతే!

ఈ విషయంలో మధురవాడ వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీని ఆదర్శంగా తీసుకోవచ్చు. ఫ్లాటుకింత అని వసూలు చేశారు, ఈవెంట్ వాళ్ళని పిలిచారు, లైట్ల సొరంగం కట్టించారు, నురగ కక్కే మిషన్ పెట్టి మంచు కూడా కురిపించారు. రాత్రి ఇరవై డిగ్రీలకి దిగితేనే మంకీ క్యాప్ తీసే ఊళ్ళో మంచు కావాలని ఎవరడిగారు అని కొందరు గొణిగారనుకోండి, అభివృద్ధి అంటే గిట్టనివాళ్ళు అన్నిచోట్లా ఉంటారు. సాంటా వేషం కట్టిన కుర్రాడు చెమటకి గెడ్డం జారిపోతున్నా నవ్వుతూనే ఉన్నాడు, పాపం ప్రొఫెషనల్. సొరంగంలో ఒక్కరూ తలెత్తి లైట్లు చూళ్ళేదు, అందరూ ఫోన్లో తమని తామే చూసుకుంటున్నారు, రీల్ సరిగ్గా రాలేదని మళ్ళీ క్యూలో నిలబడ్డారు. అదండీ క్రమశిక్షణ. అసంతృప్తితో ఇంటికెళ్ళేవాడే రేపు మళ్ళీ ఖర్చు పెడతాడు.

పాతకాలం సీరియల్ సెట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే జనం చెడిపోవడం అక్కడే మొదలైంది. చిన్నచిన్న ఫిలమెంట్ బల్బులన్నీ ఒకే వరసలో ఉండేవి, ఒక్కటి మాడితే దండ మొత్తం ఆరిపోయేది. ఏది పోయిందో తెలీదు కాబట్టి ఒక్కో బల్బూ పీకి మంచిది పెట్టి చూడాలి. పక్కింటి అన్నయ్య టెస్టర్ పట్టుకొచ్చేవాడు, ఎదురింటి మామ్మగారు స్టూల్ పంపేవారు, పిల్లలు "ఇదే ఇదే" అని అరిచేవారు, అది వెలిగేసరికి వీధిలో అందరికీ అందరి పేర్లూ తెలిసిపోయేవి. ఇప్పుడొచ్చే సెట్లు ఒకటి పాడైతే పారేసి ఇంకోటి కొనుక్కోవడమే కాబట్టి ఎవరి పేరూ తెలుసుకోనక్కర్లేదు. సైన్స్‌కి జోహార్లు.

ఊరి సంగతే అంత లెండి. హార్బర్ పక్కన మూడు కొండలున్నాయి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఇన్నేళ్ళుగా పక్కపక్కనే ఉండి ఎవరి లైటింగ్ గొప్పదో ఇంతవరకూ తేల్చుకోలేదు, పోటీతత్వం అనేదే లేదు. ఆర్కే బీచ్‌కి పోతే అక్కడా ఇదే అలవాటు, లోపలికి రావడానికి వంతు కోసం సముద్రంలో ఆగిన ఓడల లైట్లని మురీ మిక్చర్ తింటూ గంటల తరబడి చూస్తారు, ఆ ఓడ ఎవరిదో, అందులో ఏముందో కూడా అడగరు.

కాబట్టి నా డిమాండ్లు. కాన్వెంట్ జంక్షన్ దగ్గర టోల్ గేట్ పెట్టి జ్ఞానాపురం వైపు వెళ్ళే ప్రతి కంటికీ, జతకి కాదు, కంటికీ రుసుం వసూలు చెయ్యాలి. కాయితం స్టార్‌కి లైసెన్స్ ఉండాలి, ఇంట్లో చేసుకున్నదైతే డబల్ ఫీజు. అన్నిటికంటే ముఖ్యంగా గేటు ముందు ఆగినోళ్ళని లోపలికి పిలవడం తక్షణం నిషేధించాలి. మొన్న నేను తనిఖీ నిమిత్తం ఒక ఇంటి ముందు నిలబడితే ఆవిడెవరో తెలీదు, "ఏటి బాబూ అలగ నిలబడిపోనావ్, లోపలికి రా, కేకు తిందువు గాని" అన్నారు. కేకుతో ఆగిందా, అరిసెలు, గులాబీ పువ్వులు, బిల్లు అడిగితే నవ్వారు. సాక్ష్యం కోసమని తిన్నాను. రెండో ప్లేటు కూడా సాక్ష్యం కోసమే. మిగతా సాక్ష్యం స్టీలు డబ్బాలో పెట్టిచ్చారు, విచారణకొచ్చే అధికారులు కాస్త తొందరగా వస్తే మంచిది, మా ఇంట్లో పిల్లలున్నారు.